నా గొంతు చెప్పిన సోయా కబురు

మే 25

అన్నయ్య ఇంట్లో భోజనం చేసి వచ్చాను. తిన్నది ఒంటపట్టకుండా చేసి పంపాడు, ఎప్పటిలాగే.

విత్తనం లోతుగా వెయ్యకు, సోయా మొలక తన బద్దల్ని నెత్తిన మోసుకుని పైకి రావాలి, రెండు వేళ్ళ లోతు దాటితే దాని మెడ విరుగుతుంది అన్నాను. చెప్పొచ్చావులే చిన్నీ, ఆఫీసులో కూర్చుని చెప్పడం తేలికే అన్నాడు. చేతులు కడుక్కుంటూ వదినతో అంటున్నాడు మహానుభావుడు, ఈసారి విత్తే యంత్రం లోతు తగ్గించాలట, పొద్దున సోయా కబురులో చెప్పారట.

సోయా కబురు రాసేది నేను. చదివేది నేను. రోజూ పొద్దున ఆరింటికి సొసైటీ రైతులందరి ఫోన్లూ ఒక్కసారే మోగుతాయి, ఎత్తితే నిమిషం సేపు నేను మాట్లాడతాను. వాన ఎప్పుడు, విత్తడం ఎప్పుడు, ఏ పురుగుకి ఏ మందు. ఐదేళ్ళుగా ఇదే పని. అన్నయ్య కూడా వింటాడు, చెవికి ఆనించుకుని, తల ఊపుతూ, మధ్యలో వదిన పిలిస్తే చెయ్యెత్తి ఆగమంటూ. అదే మాట అదే నోటితో ఎదురుగా కూర్చుని చెబితే మాత్రం చెవిన పెట్టడు.

"చెప్పింది నేనేగా" అన్నాను.

"అది వేరు. అది అందరికీ చెప్పింది" అన్నాడు.

వదిన మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మే 29

సొసైటీ గోదాములో విత్తనం దిగుతుంటే చూడటానికి వెళ్ళాను. వెళ్ళకపోయినా బాగుండేది, ఇంకో రెండు రోజులు ప్రశాంతంగా ఉండేదాన్ని.

లారీ మీద నుంచి బస్తాల్ని విసిరేస్తున్నారు. దించడం కాదు, విసరడం. సిమెంటు నేల మీద ఒక్కొక్కటీ దబ్బుమని పడుతోంది. నేను అరిస్తే కూలీలు వింతగా చూశారు. మొక్కజొన్నని ఇలాగే దించుతాం కదమ్మా, దీనికేమొచ్చింది అన్నారు. వాళ్ళనేం అనను, వాళ్ళకి ఎవరు చెప్పారు గనుక? సోయా గింజ పొట్టు ఉల్లిపొర అంత పలచన. ఎత్తు నుంచి పడితే లోపలున్న మొలక చచ్చిపోతుంది. పైకి మాత్రం గింజ నున్నగా, పచ్చగా, పెళ్ళికూతురిలా ఉంటుంది. ఎండలు మొదలైనప్పట్నుంచీ ఈ బస్తాలు వేరే ఎక్కడో రేకుల షెడ్డులో ఉన్నాయట. ఆ మాట లారీ డ్రైవరే అన్నాడు, ఎండ గురించి కబుర్లు చెబుతూ.

సంచీలో గుప్పెడు గింజలు వేసుకుని వచ్చాను.

జూన్ 1

తడి గోనెపట్టాలో గింజలు చుట్టి వంటింటి గట్టు మీద పెట్టాను. వాన లేదు. కింద టైర్ల షాపాయన రోజంతా గాలి కొడుతూనే ఉన్నాడు, ఆ మోతకి తల పగిలిపోతోంది.

జూన్ 5

పట్టా విప్పాను. సగం కూడా మొలవలేదు. మొలిచినవాటిలోనూ కొన్నిటికి వేరు వంకర, కొన్నిటికి వేరే లేదు. మిగతావి బూజుపట్టి వాసన కొడుతున్నాయి. మళ్ళీ గోదాముకి వెళ్ళి వేరే వేరే బస్తాల్లోంచి గింజలు తెచ్చి ఇంకో పట్టా చుట్టాను. ఆ ఒక్క బస్తాదే తప్పయి ఉంటే బాగుండునని అనుకున్నాను. అనుకోవడమే.

జూన్ 7

రెండో పట్టా మొదటిదానికంటే అన్యాయం. ఇంకో రెండు రోజులు ఆగినా లాభం లేదు, అప్పుడే కుళ్ళుతున్నాయి.

పట్టాని పట్టాలాగే చుట్టి తీసుకెళ్ళి మెత్తసారు బల్ల మీద విప్పాను. మా మేనేజరుకి ఆ పేరు నేనే పెట్టాను, ఇప్పుడు ఆఫీసంతా అలాగే అంటారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. ఎదుటివాడి ఇల్లు తగలబడుతున్నా, కూర్చోండి మాట్లాడుకుందాం అనే రకం. ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, కాగితాల్లో మొలక శాతం బాగానే ఉందమ్మా అన్నాడు. కాగితాలు విత్తుతామా సార్ అన్నాను. నవ్వాడు. విత్తనం వెనక్కి పంపితే ఈ వేళప్పుడు వేరే విత్తనం ఎక్కడ దొరుకుతుంది, రైతులు మన గోదాము ముందు కూర్చుంటారు, అది మంచిదా అన్నాడు. అదీ నిజమే, కానీ వాళ్ళు ఇప్పుడు కూర్చుంటే వేరే పంట అయినా వేసుకుంటారు, తర్వాత కూర్చుంటే ఏం వేసుకుంటారు?

"మనం సలహా ఇచ్చేవాళ్ళం. భయపెట్టేవాళ్ళం కాదు" అన్నాడు, చాలా మెత్తగా.

ఆ మెత్తదనానికే ఒళ్ళు మండింది. అరిచే మనిషైతే తిరిగి అరవొచ్చు.

జూన్ 8

అన్నయ్య ఇంటికి వెళ్ళాను. సావిట్లో సొసైటీ బస్తాలు అప్పుడే వరసగా పేర్చి ఉన్నాయి, పిల్లల్ని పడుకోబెట్టినట్టు కింద చెక్కలు కూడా వేశాడు. ఆ శ్రద్ధ చూస్తే ఇంకా కడుపు మండింది.

ఈ విత్తనం వెయ్యకు అన్నయ్యా, ఇది చచ్చిన విత్తనం అని చెప్పాను. పట్టా సంగతి చెప్పాను, లారీ సంగతి చెప్పాను. అంతా విన్నాడు. విని, "మరి కబురులో చెప్పలేదే?" అన్నాడు.

చెప్పనివ్వడం లేదు అన్నాను. అంత చెడ్డదైతే ఎందుకు చెప్పనివ్వరు, అందరూ నీలా తొందర మనుషులు కారు, ఏదో ఆలోచించే ఉంటారు అన్నాడు. నీకు చిన్నప్పట్నుంచీ అంతే చిన్నీ, ఒక పురుగు కనబడితే పొలమంతా పోయిందని ఏడుస్తావు అన్నాడు.

అంతే. నాకు కళ్ళు కనబడలేదు. ఏమన్నానో అంతా రాయను. చివర్న "నీ చేను, నీ ఇష్టం, మన్ను వేసుకో" అన్నాను. మన్ను మాట అనకుండా ఉండాల్సింది. కానీ నన్ను అనిపించింది ఎవరు? వదిన గేటు దాకా వెనకే వచ్చింది. నేను బండి ఆపలేదు.

జూన్ 9

వాడి చేను. వాడి ఇష్టం.

జూన్ 10

మబ్బు పట్టింది. అన్నయ్య ఫోన్ చేస్తాడేమోనని చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు.

జూన్ 11

వాన. గట్టి వాన, నేల జానెడు లోతు తడిసే వాన. సోయా విత్తడానికి ఇంతకంటే మంచి అదును ఉండదు. మామూలు ఏడాదైతే నేను కిటికీ దగ్గర నిలబడి సంతోషించేదాన్ని.

మధ్యాహ్నం మెత్తసారు కాగితం ఇచ్చాడు, రేపు చదవాల్సినది. ఎప్పుడూ రాసేది నేను, ఈసారి ఆయనే రాశాడు. పరీక్షించిన విత్తనం, ధైర్యంగా విత్తండి అని ఉంది. చదవనన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఒంట్లో బాగాలేదా అమ్మా అన్నాడు. బాగానే ఉంది, కానీ ఈ మాట నా నోటితో రాదు అన్నాను. సరే, ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకో అన్నాడు.

రికార్డింగు గదిలో మా మీటలాయన అద్దం అవతలి నుంచి చూస్తున్నాడు. రోజంతా మీటలు నొక్కుతూ పెదవి విప్పని మనిషి. నేను చెవులకి పెట్టుకునేది తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

ఎన్నాళ్ళకో మనసు తేలికైంది. నేను చెప్పకపోతే కబురు లేదు. కబురు లేకపోతే అన్నయ్య విత్తడు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. నా మీద గౌరవం లేకపోయినా ఫోన్ మీద ఉందిగా. వాడి తిక్క ఈసారికి మంచికే పనికొచ్చింది. వీళ్ళు వేరే మనిషిని వెతికి చదివించేలోపు రేపోమాపో వెళ్ళి మాట్లాడతాను. తొందరేముంది?

చేతులు కడుక్కున్నాను. ఇక వాళ్ళ పాపం వాళ్ళది.

జూన్ 12

పొద్దున పళ్ళు తోముకుంటున్నాను. కింద షాపు ముందు టైర్లాయన ఫోన్ మోగింది. ఆయనకీ కొంచెం చేను ఉంది, సొసైటీ సభ్యుడే. ఎప్పుడూ స్పీకరు పెట్టి వింటాడు, వీధి వీధంతా వినేలా.

"సోయా రైతులకు నమస్కారం" అంది నా గొంతు.

బ్రష్షు నోట్లోనే ఉంది. నేను ఇక్కడ నిలబడి ఉన్నాను, నోటినిండా నురగ. కింద నేను మాట్లాడుతున్నాను. మంచి వాన పడింది, నేల తడిసింది, సొసైటీ విత్తనం మొలక పరీక్ష చేసి ఇచ్చిన విత్తనం, ఇక ఆలస్యం చేయకుండా ధైర్యంగా విత్తండి అంటున్నాను. ముక్కుతో మాట్లాడుతున్నాను. బొంగురుగా, మధ్యలో ఒకసారి ఆగి గుటక వేస్తూ.

అప్పుడు అర్థమైంది. అది పోయినేడాది కబురు. పోయినేడాది విత్తే రోజుల్లో నాకు జలుబు చేసింది, ఆవిరి పట్టుకుని వెళ్ళి చదివాను. పోయినేడాది విత్తనం నిజంగానే మంచిది, ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పాను. ఆ నిజాన్ని తీసుకొచ్చి ఈ చచ్చిన గింజల మీద అతికించారు దొంగ వెధవలు.

ఎలా బట్టలు కట్టుకున్నానో తెలీదు. బండి తీశాను. పెద్దరోడ్డు ఎక్కాక ఎడమకి తిరిగితే ఆఫీసు, కుడికి తిరిగితే అన్నయ్య వాళ్ళ ఊరు.

ఎడమకి తిరిగాను. ఆఫీసే దగ్గర. ముందు దాన్ని ఆపించాలి, అందరికీ తిరిగి ఫోన్ వెళ్ళేలా చేయాలి, ఒక్క అన్నయ్య గురించి ఆలోచిస్తే ఎలా? అది సరైన పనే. ఎవరినడిగినా అదే అంటారు.

అన్నయ్యకి ఫోన్ చేయొచ్చు. చేయలేదు. ట్రాక్టరు మోతలో ఎలాగూ ఎత్తడు. అదీగాక మొన్న ఆ మాటలన్నీ పడ్డాక ముందు చేయాల్సింది నేనా?

మెత్తసారు రాలేదు ఇంకా. వచ్చేదాకా మీటలాయన్ని దులిపేశాను. ఆయన తల ఎత్తలేదు. ఏది పెట్టమంటే అది పెడతానమ్మా, తేదీ ఉన్న ముక్క ఒక్కటీ కోశాను, ఇంకేం మార్చలేదు అన్నాడు. ఇంకేం మార్చలేదట, అదేదో నాకు ఉపకారం చేసినట్టు. తర్వాత సారు వచ్చాడు. కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. వరండాలో జనం చేరేదాకా అరిచాను. నా గొంతుతో అబద్ధం చెప్పే హక్కు నీకెవరిచ్చారని అడిగాను. ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"గొంతు నీదేనమ్మా, కాదనను. రికార్డింగు సొసైటీది" అన్నాడు.

ఇంకా అరిచాను. తిరుగు ఫోన్ వెళ్ళాలన్నాను. కమిటీ కూర్చోవాలన్నాడు. కమిటీని పిలవమన్నాను. పిలుస్తాం అన్నాడు. బల్ల మీది గ్లాసు విసిరికొట్టాను, అది పగల్లేదు, ప్లాస్టిక్కుది. ఉద్యోగం మానేస్తున్నా అన్నాను. నీ ఇష్టం అమ్మా అన్నాడు.

బయటికి వచ్చేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. అప్పుడు కుడివైపు రోడ్డు పట్టాను.

అన్నయ్య చివరి సాళ్ళలో ఉన్నాడు. దూరంగా ట్రాక్టరు మీద నుంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. నవ్వుతున్నాడు. కోపం పోయిందన్నమాట, మన్ను మాట మరిచిపోయాడన్నమాట. గట్టు మీద ఖాళీ బస్తాలు మడతపెట్టి ఉన్నాయి.

నేను కూడా చెయ్యి ఊపాను. ఏం చెప్పను? మొలకెత్తితే మొలకెత్తుతుంది. గోనెపట్టా వేరు, నేల వేరు. మంచి తడి ఉంది. ఏమో.

బండి తిప్పుకుని వచ్చేశాను.

జూన్ 13

ఆరింటికి మళ్ళీ మోగింది టైర్లాయన ఫోన్. విత్తిన మూడు రోజుల్లోపు కలుపుమందు కొట్టమని చెబుతున్నాను. ఈసారి జలుబు లేదు. రెండేళ్ళ కిందటిది అనుకుంటా.

ఐదేళ్ళ గొంతు ఉంది వాళ్ళ దగ్గర. విత్తడం, కలుపు, పురుగు, తెగులు, కోత, అన్నీ చదివి పెట్టాను, అన్నీ దాచుకున్నారు. నేను చచ్చినా సోయా కబురు ఆగదు.

ఆఫీసే దగ్గర. అందుకే ముందు అటు వెళ్ళాను.

జూన్ 15

టైర్లాయన మెట్ల దగ్గర ఆపి, మొన్న మీరు చెప్పారుగా, విత్తేశానమ్మా అన్నాడు. సంతోషంగా అన్నాడు. నేను చెప్పలేదండీ అన్నాను. భలేవారే, మీ గొంతు నాకు తెలీదా అన్నాడు. అదంతా వివరంగా చెప్పాను. ఆయన గాలిగొట్టం చేతిలో పట్టుకుని విన్నాడు. అంతా విని, మరి మీకు ముందే తెలిసినప్పుడు, నేను కింద షాపులోనే ఉంటానుగా అన్నాడు. అంతే అన్నాడు.

నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. పైకి వచ్చి తలుపు వేసుకున్నాను.

జూన్ 18

ఈపాటికి మొలవాలి.

జూన్ 20

"అక్కడక్కడా ఖాళీలు ఉంటే మిగిలిన విత్తనంతో పూడ్చుకోండి" అని ఇవాళ కబురు. నా గొంతే. ఎంత తియ్యగా చెబుతున్నానో. ఆ మిగిలిన విత్తనం కూడా అదే బస్తాలోది కదా, చచ్చినవాటి పక్కన చచ్చినవాటిని పెట్టుకోమని చెబుతున్నాను. ఇది ఏ ఏడాదో గుర్తులేదు. ఆ ఏడాది పిట్టలు తిని ఖాళీలు పడ్డట్టున్నాయి.

ఆఫీసుకి వెళ్ళి మళ్ళీ అరవాలని బండి తాళాలు తీశాను. మెట్లు దిగాను. టైర్లాయన తల ఎత్తలేదు. మళ్ళీ పైకి వచ్చేశాను. అరిచి అరిచి ఏం సాధించాను?

వదిన ఫోన్ చేసింది. "ఒకసారి వస్తావా చిన్నీ" అంది. ఎందుకో చెప్పలేదు. రేపు వస్తానన్నాను.

జూన్ 21

వదిన గేటు దగ్గరే ఉంది. ఇంట్లోకి రానివ్వకుండానే చేలోకి తీసుకెళ్ళింది. అన్నయ్య పట్నం వెళ్ళాడు, వచ్చేలోపు చూసి చెప్పు అంది.

చూశాను. చెప్పడానికేముంది? సాలులో ఒకచోట రెండు మొక్కలు, తర్వాత నాలుగు అడుగులు బోసి నేల, తర్వాత ఒక మొక్క. మన్ను తీసి చూస్తే గింజ ఉబ్బి, మెత్తబడి, వేలితో నొక్కితే జారిపోతోంది. కలుపు మాత్రం ఎక్కడా లేదు. కలుపుమందు ఫోన్‌లో చెప్పిన రోజునే కొట్టాడు.

నేను సారుని తిడుతున్నాను, మీటలాయన్ని తిడుతున్నాను, కమిటీని తిడుతున్నాను. వదిన గట్టు మీద కూర్చుని వింది. అప్పుడు చెప్పింది.

నేను పోట్లాడి వెళ్ళిన రోజు సాయంత్రమే అన్నయ్య బస్తాలకి పట్టా కప్పేశాడట. చిన్నీ అంత గట్టిగా అందంటే ఏదో ఉంది, ఈ విత్తనం వెయ్యను అన్నాడట. నా ఎదుట ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదట. వేరే విత్తనం కోసం తెలిసినవాళ్ళని కూడా అడిగాడట. వాన పడ్డ మర్నాడు పొద్దున కబురు వచ్చింది.

"గొంతు విని బాధపడ్డాడు చిన్నీ. చూశావా, బొంగురుపోయింది, ఏడ్చినట్టుంది, మనతో దెబ్బలాడి వెళ్ళి ఏడ్చి ఉంటుంది అన్నాడు. మళ్ళీ పరీక్ష చేసుకుని ఉంటుంది, తప్పు చూసుకుని చెబుతోంది, ఇప్పుడు కూడా వెయ్యకపోతే ఇంకా బాధపడుతుంది అన్నాడు."

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "అయినా వెంటనే వెయ్యలేదు. నువ్వు ఒక ఫోన్ చేస్తావేమోనని చేతిలో పట్టుకుని వాకిట్లో తిరిగాడు. ఎండెక్కేదాకా చూశాడు."

ఎండెక్కేదాకా నేను ప్లాస్టిక్ గ్లాసులు విసురుతున్నాను.

ఇంకేం రాయలేను.

జూన్ 22

పొద్దున్నే వెళ్ళాను. అన్నయ్య చేలో ఉన్నాడు, మిగిలిన బస్తా విప్పి తువ్వాల్లో గింజలు పోసుకుని ఒక్కో ఖాళీలో చేత్తో పెడుతున్నాడు. కబురులో చెప్పారుగా. అంత పెద్ద చేను ఒక్కడూ వంగి చేత్తో పూడుస్తున్నాడు. వెళ్ళి తువ్వాలు లాగేసుకున్నాను.

ఆ మాట నేను చెప్పలేదన్నాను. ఆ జలుబు పోయినేడాదిదన్నాను. మొత్తం చెప్పాను, ఎడమకి తిరిగిన సంగతితో సహా. చెబుతూ చెబుతూ మళ్ళీ సారు మీదికి వెళ్ళిపోయాను, నా గొంతు దొంగిలించాడని, వాడి నోట్లో మన్ను పడాలని.

"ఆఫీసుకెళ్ళి ఏం చేశావు?" అన్నాడు అన్నయ్య చివరికి.

"తిట్టాను."

"తిట్టి?"

అన్నయ్య కోప్పడితే బాగుండేది. పోయినవాళ్ళని చూసి వచ్చిన మనిషిలా నిలబడ్డాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది, ఈసారి నా మీద. అది మిగతా కోపాల్లా కాదు, అరిస్తే తగ్గేది కాదు.

ఖాళీలు పూడ్చడం కుదరదని చెప్పాను. మంచి విత్తనమే దొరికినా, ముందు మొలిచినవి ఎండి కాయలు పగిలే వేళకి వెనకవి పచ్చిగా ఉంటాయి, రెండూ చేతికి రావు. సోయాకి అదును దాటిపోతోంది. పొద్దుతిరుగుడుకి ఇంకా టైముంది, ఆ విత్తనం పట్నంలో ఏ కొట్లోనైనా దొరుకుతుంది.

"అంటే?" అన్నాడు.

ఐదేళ్ళలో కబురులో ఎప్పుడూ చెప్పని మాట అది. కబురు ఎప్పుడూ చేసుకోండి, వేసుకోండి, కొట్టుకోండి అంటుంది. మేం ఎవరికీ ఎప్పుడూ పోయిందని చెప్పలేదు.

"దున్నెయ్ అన్నయ్యా" అన్నాను. "మొత్తం."

చేను వైపు తిరిగాడు. మొలిచిన మొక్కలు బాగానే ఉన్నాయి, అదే బాధ. ఒకదాని ఆకు వేళ్ళతో పట్టుకుని చూశాడు. తర్వాత వెళ్ళి ట్రాక్టరుకి నాగలి తగిలించాడు.

రెండు చాళ్ళు వెళ్ళేసరికి పక్క చేనాయన పరిగెత్తుకొచ్చాడు. మతిపోయిందా, మొలిచిన చేను దున్నుతావేంటి అన్నాడు. కబురులో పూడ్చుకోమన్నారుగా, దున్నమని ఎవరు చెప్పారు నీకు అన్నాడు.

"మా చెల్లెలు చెప్పింది" అన్నాడు అన్నయ్య. ట్రాక్టరు ఆపలేదు.

పక్క చేనాయన నా వైపు తిరిగాడు. ఎగాదిగా చూశాడు. ఆ చేను కొత్తగా కౌలుకి తీసుకున్న మనిషి, నా గొంతు ఆయనకి తెలుసు, మొహం తెలీదు. మాట్లాడాక తెలిసింది. తెలిశాక తిట్టాడు, బాగానే తిట్టాడు, పడ్డాను. తిట్టడం అయ్యాక తన చేను చూడమన్నాడు. వెళ్ళి చూశాను. ఆయనదీ అంతే. ఆయనకీ అదే చెప్పాను. ఆయన నాగలి కోసం వెళ్ళలేదు, గట్టు మీద కూలబడ్డాడు. అటు పక్క చేలోకి వెళ్ళాను. ఒకాయన నమ్మలేదు. ఒకావిడ ఫోన్ తీసి అందులో రికార్డయిన పొద్దుటి కబురు మళ్ళీ పెట్టి నా మొహం ముందు పెట్టింది, ఇది నువ్వు కాదా అంది. నేనే, కానీ ఇది ఈ ఏడాది మాట కాదన్నాను. ప్రతి చేలోనూ మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది, లారీ, షెడ్డు, పట్టా, జలుబు, అన్నీ. ట్రాక్టర్ల మోతలో అరుస్తూ చెప్పాను. అరుపు ఇన్నాళ్ళకి ఒక పనికి వచ్చింది. చివరి చేలో మాట రావడం లేదు, చేతులతో చూపించాను.

అన్నయ్య ఇంటికి తిరిగొచ్చాక టైర్లాయనకి ఫోన్ చేశాను. గుసగుసలా వచ్చింది గొంతు. ఎవరు మాట్లాడేది అన్నాడు. వదిన ఫోన్ తీసుకుని నేను చెప్పమన్నది చెప్పింది.

ఇక్కడే ఉండిపోయాను.

జూన్ 23

గొంతు పూర్తిగా పోయింది. వదిన వేడినీళ్ళు ఇచ్చింది, పుక్కిలించినా మాట పెగల్లేదు. గాలి వస్తోంది, అంతే.

ఆరింటికి అన్నయ్య ఫోన్ మోగింది. అలవాటుగా ఎత్తి చెవికి పెట్టుకోబోయి, ఆగి, బల్ల మీద పెట్టాడు. సోయా రైతులకు నమస్కారం అన్నాను నేను అందులోంచి. గంటలా మోగింది గొంతు, ఎక్కడా చిన్న జీర కూడా లేదు. ఈ ఏడాది పంట ఏపుగా ఉంది అంటున్నాను. రైతుల మొహాల్లో సంతోషం చూస్తుంటే మాకూ ఆనందంగా ఉంది అంటున్నాను.

ఆ ఫోన్ని గోడకేసి కొడదామనిపించింది. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. నోరు తెరిచి మాట రాకుండా కూర్చోవడం ఎంత నరకమో ఇవాళ తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే.

అన్నయ్య ఫోన్ కట్టేశాడు. కబురు మధ్యలో కట్టేయడం ఇదే మొదటిసారి.

"ఇంకా ఎన్ని చేలున్నాయి చూడాల్సినవి?" అన్నాడు.

చాలా అన్నట్టు చెయ్యి చూపించాను.

"నువ్వు చూసి తల ఊపు. చెప్పడం నేను చెప్తా" అని చెప్పులు వేసుకున్నాడు.

బయట బండి స్టార్ట్ చేసిన చప్పుడు అవుతోంది. వెళ్తున్నాను.